నైరుతి మూల పసుపు

మా ఆయన నడుము గుంతలోనే పోయింది. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో అద్దె షెడ్డు మాది, కార్ల రిపేరు. షెడ్డు నడిమధ్యలో మనిషెత్తుకి కాస్త తక్కువగా ఒక గుంత. కారుని దానిమీదికి తెచ్చి ఆపితే, ఈయన కిందికి దిగి, మెడా నడుమూ వంచి పొద్దంతా పని చేసేవాడు. ఇంకో జానెడు లోతుంటే నిలబడే చేసుకునేవాడు. మాకంటే ముందు ఆ షెడ్డులో ఉండి గుంత తవ్వించుకున్న మెకానిక్ పొట్టివాడట. ఎవరి కొలతకో తవ్విన దాంట్లో సర్దుకుపోవడం మాకు కొత్త కాదు.

స్పేర్ పార్టుల దగ్గర కూర్చునేదాన్ని నేను. సాయంత్రం ఆయన గుంతలోంచి పైకొచ్చే తీరు చూడలేక తల తిప్పుకునేదాన్ని. ముందు చేతులొచ్చేవి, తర్వాత తల, మిగతా మనిషి చాలాసేపటికి వచ్చేవాడు. ఇంకా ఇలాగే వంగితే ఒకరోజు అసలే లేవడని ఎముకల డాక్టరు తేల్చేశాడు. అందుకని, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో కోసం రోడ్డు తవ్వుతున్న రోజుల్లో, మూతబడుతున్న ఓ గ్యారేజీ నుంచి పాత లిఫ్ట్ ఒకటి కొన్నాం. రెండు ఇనుప స్తంభాలు నేలకు బిగించి మీట నొక్కితే కారు మనిషి తల దాటి పైకి లేస్తుంది. కింద నిటారుగా నిలబడి పని చేసుకోవచ్చు. నాకు కావలసింది ఆ ఒక్కటే, ఆయన నిటారుగా నిలబడడం.

కొనడం ఎంతసేపు? ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద రామాయణమైంది. వాయవ్యంలో గేటు దగ్గర పెడదామంటే పైన కరెంటు తీగలు. మధ్యలో గుంత ఉండనే ఉంది. ఆగ్నేయంలో కంప్రెసరు, కరెంటు బోర్డు. ఇక మిగిలినవి నైరుతి, ఈశాన్యం. ఉచిత సలహాకు మా సందులో ఏనాడూ కరువు లేదు. షెడ్డు యజమాని, మా పెద్ద బావ, టీ కొట్టాయన, అందరిదీ ఒకటే మాట.

"బరువు నైరుతిల్నే ఉండాలె. ఈశాన్యంల పెడితే ఇగ ఇల్లు మునిగినట్టే."

పైగా ఆ నైరుతి మూలకి మా దగ్గర ఒక గౌరవం ఉండేది. ఏటా దసరాకి మేం పనిముట్లు కడిగి, బొట్లు పెట్టి, గేటు ముందు బూడిద గుమ్మడికాయ కొట్టే వేళకి, యజమాని తల్లి బోడుప్పల్ నుంచి ఆటోలో దిగేది. చేతిలో చెంబెడు నీళ్లు. ఎవరితో మాట్లాడకుండా నేరుగా ఆ మూలకెళ్లి, గచ్చు మీద నీళ్లు పోసి, పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయేది. ఎందుకని ఎవరం అడగలేదు. పెద్దామె మొక్కే చోటు మంచిది కాకుండా పోతుందా అనుకున్నాం. వాస్తు చూడ్డానికొచ్చిన ఆయన కూడా ఆ పసుపు మరక చూసి, "ఇంకేం కావాలమ్మా" అని తాంబూలం తీసుకుని వెళ్లాడు.

అందుకని అక్కడే, దసరా పొద్దున్నే బిగిద్దామనుకున్నాం. ఫిట్టర్ డ్రిల్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మా ఆయన స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే ముసలామె వచ్చింది. ఎప్పటిలాగే నీళ్లు పోసింది. ఈసారి మాత్రం వంగి, నేలని చేత్తో నిమురుతూ పైకే అంది.

"జర ఓర్సుకో తల్లీ. నీ మీద బరువు పెడుతున్నరట."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ అవ్వా?" అన్నాను.

"గంగమ్మతోని బిడ్డా. మా బాయి గిదే గద. మా మామ తవ్విన బాయి. గీ షెడ్డు ఏసేటప్పుడు పూడ్సిన్రు."

మేం లిఫ్ట్ బిగించబోయేది పూడ్చిన బావి మీద. యజమాని మాత్రం, "ఎన్నడో పూడ్సినమమ్మా, గట్టిపడ్డది, ఫికర్ లేదు" అన్నాడు నా కళ్లలోకి చూడకుండా. ఫిట్టర్ని ఒక చిన్న రంధ్రం వేసి చూడమన్నాను. డ్రిల్లు కాసేపు గచ్చులో గీపెట్టి, ఉన్నట్టుండి లోపలికి జారింది, దానితోపాటు ఫిట్టర్ కూడా ముందుకు తూలాడు. చెంబులో మిగిలిన నీళ్లు ఆ రంధ్రంలో పోశాను. ఒక్క చుక్క పైన నిలవలేదు. పూడ్చిన మట్టి ఎప్పుడో కిందికి దిగిపోయి, పైన ఉత్త గచ్చు మిగిలిందన్నమాట. ఏళ్ల తరబడి ఆ పసుపు మాకు అదే చెబుతుంటే, మేం దానికే దండాలు పెట్టుకున్నాం.

ఇక ఈశాన్యమే దిక్కు. నీళ్లు ఈశాన్యంలో ఉండాలని ఒకప్పుడు యజమాని అక్కడే సంపు తవ్వించబోతే బండ తగిలి, గడ్డపారలు వంగి, వదిలేశారు. అంతకంటే గట్టి నేల ఎక్కడ దొరుకుతుంది? అయినా యజమాని ససేమిరా అన్నాడు. మా బావ కూడా ఆయనకే వంత పాడాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నడిమిట్ల గుంతల నా మొగడు ఇన్నేండ్లు వంగి చేస్తుంటే ఏ వాస్తు అడ్డం రాలే. రేపు కారుతోని సహా ఆయన బాయిల పడితే అప్పుడు మీ నైరుతి మంచిగుంటదా అన్నా?"

యజమాని ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. ఒప్పుకున్నాక ఫిట్టర్ వస్తానన్న రోజు తెలంగాణ బందు, వచ్చిన రోజు కరెంటు లేదు. విసిగిపోయి, అడగడం కూడా మానేశాను. అన్నాళ్లూ మా ఆయన గుంతలోకి దిగుతూనే ఉన్నాడు. దిగకపోతే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మొలకి బెల్టు కట్టుకుని, మెట్టు మెట్టుకీ మూలుగుతూ దిగేవాడు.

చివరికి ఈశాన్యంలో స్తంభాలు లేచాయి. డ్రిల్లు కింద తెల్లటి రాతిపొడి రాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. ముందు ఖాళీగా ఎత్తి దించారు. తర్వాత ఒక పాత కారు ఎక్కించి, కదిపి చూసి, ఇక భయం లేదన్నాడు ఫిట్టర్. మా ఆయన చెప్పులు విప్పి, లిఫ్ట్‌కి మొక్కి, కారు కిందికి వెళ్లాడు. తల మీద మూరెడు జాగా ఉంది. ఆయన మాత్రం ఎప్పట్లాగే మెడా నడుమూ వంచి, గుంతలో ఉన్నట్టే నిలబడి పైకి చూస్తున్నాడు.

"జర నిటారుగ నిలవడరాదూ, జాగ ఉన్నది గద" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు.

"నిలవడ్డ గదనే" అన్నాడు.