నీళ్ళు కలపని ఇల్లు

మొఘల్‌పురాలో పాలకేంద్రం నడిపే బాలనర్సింహ పొద్దున్నే క్యాన్లు కడిగి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని, గాజుతొట్టి ముందు గొంతుక్కూర్చుంటాడు. ఉప్పునీళ్ళలో ప్రాణమున్న ఒక పగడం వేళ్ళలాంటి కొమ్మలు ఊపుతుంటుంది. తరచూ నీళ్ళు మార్చాలని పగడాలు పెంచేవాళ్ళలో కొందరంటారు. నాచు పెంచితే మురికిని అదే తింటుంది, మార్చనక్కర్లేదని ఇంకొందరు. ఆ రెండోమాట నిజమో కాదో తేల్చుకోవాలని ఆయన పట్టుపట్టాడు. తొట్టిలో నాచు పెంచి, నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళు నింపుతాడు, అంతే. కానీ ఈమధ్య పగడం ముడుచుకుపోయింది.

"సచ్చేటట్టున్నది. ఆ నీళ్ళు పారబోసి కొత్తయి పొయ్యరాదయ్యా," అంది భార్య పుష్పమ్మ, కోవా కలుపుతూ.

"ఇప్పుడు మారిస్తే తప్పు పద్ధతిదా, నా చేతిదా, ఎట్ల తెలుస్తది?"

"గట్లనా? అయితే ఇది కలుపు, అడుగంటుతది," అని గరిటె చేతికిచ్చింది. కలుపుతూ కలుపుతూ ఆయన చెయ్యి ఆగింది. పాలలో నీరు ఆవిరై, తీపంతా గిన్నెలోనే చిక్కబడుతోంది.

"పుష్పా, తొట్టిల గూడ ఎగిరేది నీళ్ళే. ఉప్పు ఏడికీ పోతలేదు. నేను ఉప్పు మీద ఉప్పు పోసిన."

తొట్టిలో పైదాకా ఇంకా జాగా ఉంది. పగడం బెదరకుండా పూటకో లోటా మంచినీళ్ళు పోయసాగాడు.

"పాలల్ల చుక్క నీళ్ళు కలపని ఇల్లని మీ బాపు మీసం దువ్వుతుండె," అంది పుష్పమ్మ. "కొడుకు సముద్రంలనే కలుపుతున్నడు."

"మెల్లగ మాట్లాడు," అన్నాడాయన. పగడం ఒక వేలు తెరుస్తోంది.