ఎర్ర దారం కట్టిన పేజీ

ఎర్ర దారం తెంపగానే కొత్త నూలు వాసన వచ్చింది. ఆ దారాన్ని నోట్‌బుక్కులో నిన్నటి పేజీకి కట్టాను. ఈ అలవాటు సాంబయ్య సార్‌ది. వరంగల్‌లో నా పరిశోధనకు ఆయనే గైడ్. వాళ్ళ నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవారు.

చేరిన రోజే అడిగారు: "తప్పుగా ముడుచుకున్న ప్రోటీన్‌ను కణం ఏం జేస్తది?"

"బయట పారేస్తుంది సార్."

"అంత ఖర్చు పెట్టి చేసుకున్నదాన్ని పారేస్తదా?" అని సొరుగులోంచి జంపఖానా ముక్క తీశారు. తప్పు పడిన చోట వాళ్ళ నాన్న గుర్తుగా కట్టిన ఎర్ర దారం ఉంది. కణం కూడా ముందు సరిచేయడానికే చూస్తుందట. కుదరకపోతే యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగా తగిలిస్తుంది, ఒకదానికొకటి గొలుసుగా. ఆ గొలుసును పట్టుకుని ప్రోటియాసోమ్ అనే పీపాలాంటి యంత్రం చెడిన ప్రోటీన్‌ను లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. గుర్తులు ఊడదీసి మళ్ళీ వాడుకుంటుంది. ముక్కలు అమైనో ఆమ్లాలుగా విడిపోయి కొత్త ప్రోటీన్లలో చేరతాయి.

రెండో ఏడాది, ఒక చెడిన ప్రోటీన్‌ను కణం విరగ్గొట్టలేకపోతోందని నేను తేల్చాను. మూడుసార్లు చేసినా అదే ఫలితం. కమిటీ ముందు చెప్పడానికి వారం ఉందనగా, ఫ్రిజ్‌లో సీసా మీద నా చేతిరాతలోనే ఉన్న మందు పేరు చూసి ఆగిపోయాను. ప్రోటియాసోమ్‌ను ఆపే మందును, పోల్చి చూడటానికి, కణాలున్న ఒక్క డిష్‌లో వేయాల్సింది, అన్నిటికీ పోసే ద్రవంలో కలిపాను. మూడుసార్లూ అదే సీసా. కణం చేతులు కట్టేసింది నేనే.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు సార్ నా ఫలితాలు పడిన ఫిల్మ్ వెలుతురుకు పట్టారు.

"ఏందయ్యా, మందు వేసింది, వేయంది కవల పిల్లల లెక్కున్నయ్?"

చెప్పేశాను.

"మూడు దినాలు కడుపుల పెట్టుకుంటివా? అరగక సచ్చినవ్ పో!"

నాకు నవ్వు రాలేదు. "అంతా పోయింది సార్."

"ఏమేం పోయింది? రాయి."

రాశాను. కణాలు బాగున్నాయి. ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ బాగుంది. ప్రోటీన్ తయారుచేసిన పద్ధతీ బాగుంది. పోయింది ఫలితం ఒక్కటే.

"మా నాయిన ఒక్క పోగు తప్పితే మూరెడు ఇప్పెటోడు. ఆ నూలు మళ్ల చుట్టుకునెటోడు. నూలుదేం తప్పు బిడ్డా? ఫికర్ జేయకు. జర ఆ పేజీకి దారం కట్టు."

కమిటీకి చూపిన మొదటి స్లైడు నా తప్పే. ఆరు నెలలు గడువిచ్చారు. మళ్ళీ చేస్తే ఆ ప్రోటీన్ చక్కగా విరిగిపోయింది. నా థీసిస్ దాని మీదే నిలబడింది.

సార్ పోయి రెండేళ్ళు. నిన్న నేను ఒక ద్రావణాన్ని పదిరెట్లు ఎక్కువ పలచన చేశాను. ఎవరూ గమనించలేదు. దారం కట్టి, కింద చెడకుండా మిగిలినవాటి జాబితా రాసి, నా విద్యార్థులు కూర్చున్న బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టాను.