కొసరు టైర్లు

మహారాజులు అగ్రహారాలు దానం చేసిన సంగతి రాతి శాసనాల్లో ఉంది. చెన్నపట్నంలో మింట్ వీధి వెనక, ఒక చింతపండు మండీలో, తక్కెడ ముల్లు నిలబడ్డాక కూడా మరో పిడికెడు పళ్లెంలో పడేసే ఆచారం గురించి మాత్రం ఏ చరిత్రకారుడూ ఒక్క వాక్యం రాయలేదు. ఇది చరిత్రకారుల లోపం. ఆ పిడికెడు పేరు కొసరు. వీరరాఘవులు తాతగారు దాన్ని ప్రారంభించారు, తండ్రిగారు పరిరక్షించారు, వీరరాఘవులు డెబ్బయ్యో ఏట మండీ అమ్మేసేదాకా ఒక్క బేరంలోనూ దానికి భంగం రానివ్వలేదు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చి గ్రాములు ఎర్ర అంకెల్లో వెలగడం మొదలెట్టినా, ఆ అంకె మీద పిడికెడు పడాల్సిందే. తక్కువ తూచిన చెయ్యి నిలవదని ఆ ఇంటి నమ్మకం. ఎక్కువ తూచిన చేతికి ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

మండీ పోయాక ఆయన పాలన కింద మిగిలింది పెరంబూరు ఇంటి ముందున్న పాత తెల్ల ఫియట్ ఒక్కటే. దాని ముందు సీటు బల్లలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. భార్య కస్తూరికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాక ఆ సీటు విలువ తెలిసింది. ఆమె వెనక్కి తిరిగి సీటు అంచున కూర్చుని లోపలికి జరిగేది. ఆయన కాళ్లు ఎత్తి పెట్టేవాడు. అంతే, ప్రయాణం సిద్ధం. కొత్త కార్లలో ఇది కుదరలేదు. కూతురు సింధూరి రెండుసార్లు క్యాబ్ పిలిపించింది. రెండుసార్లూ డ్రైవరు ఓపిగ్గా చూశాడు, తరువాత గడియారం చూశాడు, తరువాత వెళ్లిపోయాడు.

పక్షవాతంతో పోయిన మాట తిరిగి వచ్చిందని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో మాత్రం ఆ మాటను ఎవరూ వినలేదు. అన్నం కావాలన్నా, ఫ్యాను ఆపాలన్నా కస్తూరి చూపుతోనే సరిపెట్టేది. కారు ఎక్కితే వేరు. వ్యాయామం చేయించే క్లినిక్‌కు వెళ్లే దారిలో ఎవడైనా ఆటోవాడు అడ్డం వచ్చాడంటే, వంకర తిరిగిన పెదవుల్లోంచి పాత కస్తూరి బయటికి వచ్చేది.

"ఏమయా, కండ్లు నెత్తి మీదుండాయా? రోడ్డు మీ మామ రాసిచ్చినాడా?"

అందుకే వీరరాఘవులు పెరంబూరులోనే ఉన్న క్లినిక్‌కు మాధవరం చుట్టి వెళ్లేవాడు. బండి కావాలనే నెమ్మదిగా నడిపేవాడు. ఎవరో ఒకరు అడ్డం రావాలి కదా.

ఆ వైభవం మధ్యలో టైర్లు అరిగిపోయాయి.

"దారాలు బయటికొచ్చేసినాయి సార్," అన్నాడు టైర్ల కొట్టు పాల్‌రాజ్, వంగి చూసి. "ఇంక ఒక్క వారం కూడా ఆగవు. ఇది 5.20-14. ఈ సైజు మా నాయన ఉండినప్పుడు వేసినాం. ఇప్పుడు యాడ తెచ్చేది?"

మాధవరంలో అడిగారు, ప్యారీస్ కార్నర్ దగ్గర అడిగారు. ఒక కొట్టతను ఆ అంకెలు విని, చనిపోయిన బంధువు పేరు విన్నట్టు తల ఊపాడు. చివరికి తండ్రీ కూతుళ్లు తిరిగి పాల్‌రాజ్ కొట్టు ముందే తేలారు. అంబత్తూరులో ఒక కంపెనీలో అకౌంట్లు చూసే సింధూరి ఫోన్ తీసి లెక్క కట్టింది.

"155/80 వేస్తే చక్రం ఎత్తు పాతదానికన్నా ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువొస్తాది నాయనా. 165/80 వేస్తే ఎనిమిది ఎక్కువ."

"ఏది మంచిది?"

"రెండూ తప్పే. సమానంగా తప్పు."

"నువ్వేమంటావు పాల్‌రాజూ?"

"రెండూ ఓడుం సార్, నడుస్తాయి. 165 ఈడే ఉంది, ఇప్పుడే బిగించేస్తా. 155 అంటే అంబత్తూరులో నాగప్పన్ అన్న కాడ ఉన్నా ఉంటాది, లేకపోయినా లేదు."

"వెడల్పు ఎక్కువ గదా, మడ్‌గార్డ్‌కి తగల్దా?" అంది సింధూరి.

"తగిల్తే అప్పుడు చూస్కుందాం మా."

వీరరాఘవులు కళ్లు మూసుకున్నాడు. మూడు తరాల చింతపండు ఆయన వెనక నిలబడి ఉంది. "తక్కువేసే పని మనింట్లో లేదు. పెద్దదే వెయ్యి."

"ఇది చింతపండు కాదు నాయనా!"

"తూకం తూకమే పిల్లా."

"సెరి, మీ ఇష్టం," అంది సింధూరి. "ఇదే ఆఖరు. ఇదీ కాకపోతే ఈ కారునే పాత ఇనుము తూకానికి ఇచ్చేస్తా, చెప్పినా."

కొత్త టైర్ల మీద ఫియట్ గర్వంగా నిలబడింది. తిన్నటి రోడ్డు మీద బ్రహ్మాండంగా వెళ్లింది. మాధవరం చేరేలోగా కస్తూరి ఇద్దరు ఆటోవాళ్లనూ ఒక నీళ్ల లారీనీ తిట్టింది. తిరిగి వచ్చి ఇంటి సందులోకి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, ముందు ఎడమ చక్రం దగ్గర కర్రుమంది.

"ఏందండీ ఆ చప్పుడు?"

"కొత్త టైరు గదా. సర్దుకుంటాది."

కొత్త చెప్పు సర్దుకుంటుంది. టైరు సర్దుకోలేదు. తిప్పిన ప్రతిసారీ మడ్‌గార్డ్ అంచు దాని పక్కను కాస్త కాస్తగా కోస్తూనే ఉంది. ఆయన మలుపులు వెడల్పుగా తీసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఒక శుక్రవారం, మిట్టమధ్యాహ్నం, పెరంబూరు వంతెన మీద ఆ టైరు పేలింది. కారు కస్తూరి వైపు ఒరిగి ఆగిపోయింది. వెనక హారన్లు. జాకీ వెయ్యాలంటే ఆమెను దింపాలి. దింపితే కూర్చోబెట్టడానికి చోటు లేదు. ఒక ఆటో వచ్చి ముందు ఆగింది. దాని డ్రైవరు అరుముగం. పది నిమిషాల క్రితం, రోడ్డు మీ మామ రాసిచ్చినాడా అని కస్తూరి అడిగింది అతన్నే.

అతను ఏమీ గుర్తు పెట్టుకోలేదు. వంతెన కింద టీ కొట్టు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు, ఇంకో ఇద్దరిని పిలిచాడు. "పయపడాదీంగమ్మా," అని అరవంలో ధైర్యం చెప్పి, ముగ్గురూ ఆమెను కుర్చీతో సహా ఎత్తి, పెళ్లికూతురిని మోసినట్టు, అంత జాగ్రత్తగానూ, వంతెన చివరిదాకా మోశారు. బస్సుల కిటికీల్లోంచి జనం చూశారు. కస్తూరి చీర మోకాలి దాకా జరిగింది. సరిచేసుకోవడానికి ఆమె కుడి చెయ్యి కుర్చీని వదల్లేదు. సరిచెయ్యాల్సిన వీరరాఘవులు ఆమె చేతిసంచి, మందుల పొట్లం, నీళ్ల సీసా పట్టుకుని వెనకాల పరుగెడుతున్నాడు.

ఆమె ఏమీ అనలేదు. మోస్తున్న ముగ్గురినీ, హారన్లు కొట్టిన వాళ్లనూ, ఆయననూ, ఎవరినీ.

మర్నాడే ఆయన ఒంటరిగా అంబత్తూరు వెళ్లి, నాగప్పన్ గోడౌన్‌లో దుమ్ము పట్టిన 155 టైర్లు నాలుగు పట్టుకొచ్చాడు. పాల్‌రాజ్ బిగించాడు. వీరరాఘవులు ఇంటి సందులో బండిని ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి చూశాడు. చక్రం ఎక్కడా తగల్లేదు.

"రా కస్తూరీ. ఇప్పుడు చప్పుడే లేదు, విను."

ఆమె మంచం మీది నుంచి తల తిప్పలేదు. "మీరు పోయి రాండి."

వారం తరువాత మళ్లీ అడిగాడు. ఈసారి ఆ మాట కూడా రాలేదు. సింధూరి చెప్పి చూసింది, పక్కింటి వల్లి వచ్చి చెప్పి చూసింది. కస్తూరి దుప్పటి మోకాళ్ల కిందికి లాక్కుంది.

ఒక సాయంత్రం ఆయన ఒక్కడే కారు తీశాడు. మాధవరం దాకా, మామూలు నెమ్మదితోనే. మలుపు దగ్గర ఒక ఆటో ఎడమ నుంచి దూసుకొచ్చి ముందుకు దూరింది. ఆయన బ్రేకు వేసి, పక్క సీటు వైపు చూసి, కాసేపు ఆగాడు. వెనక వాళ్లు హారన్ కొట్టాక కదిలాడు.

కారు తూకానికి పోయింది. సింధూరి అన్నందుకు కాదు, ఆయనే పాత ఇనుము వాణ్ని పిలిచి ఇచ్చాడు. వ్యాయామం చేయించే భరణి ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో ఇంటికే వస్తున్నాడు. బస్సులో వస్తాడు.