అండాశయాలకు వత్తాసు పలికిన నర్సమ్మ

నర్సుగా చేసి రిటైరైన మా పక్కింటి నర్సమ్మగారు పోయిన మంగళవారం జగ్గయ్యపేటలో చనిపోయారు. కబురు నాకు స్కూల్లో ఉండగా వచ్చింది. చెబుతున్న లెక్క పూర్తి చేసే బయలుదేరాను. పని మధ్యలో వదిలేస్తే ఆవిడకు నచ్చేది కాదు.

ఆవిడకు ముప్ఫై రెండో ఏట పెద్దాపరేషన్ అయింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. కొన్నేళ్లకు షుగరు వచ్చింది. ఆపరేషన్ వల్లే వచ్చిందని ఎప్పుడూ తేల్చి చెప్పలేదు, "అదీ ఒక కారణమే" అనేవారు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని వేలు గుచ్చుకునేవారు. వీధి మొత్తానికీ తీపి మానమని చెప్పి, మామిడిపళ్ల రోజుల్లో తాను మాత్రం ఒక రసం లాగించేవారు. చెప్పేవి శ్రీరంగనీతులని నేను ఏడిపిస్తే, "టెంకే చీకానమ్మా" అని బుకాయించేవారు.

నాకు ముప్ఫై ఆరేళ్లప్పుడు నెలలో సగం రోజులు రక్తస్రావం అయ్యేది. డాక్టరు అన్నీ తీసేద్దామన్నారు. పీడ వదిలిపోతుందని నేనూ సరేనన్నాను. మా వైపు పత్తి చేలకు వెళ్లే ఆడవాళ్లు చాలామంది అలాగే తీయించుకున్నారు. ఆపరేషన్ ముందురోజు నర్సమ్మగారు మా ఇంటికొచ్చి కూర్చున్నారు.

"అండాశయాలు ఎందుకు తీస్తన్నారో అడిగావా?"

"పిల్లలు చాలనుకున్నాం కదండీ. ఇంకెందుకవి?"

"కనటం అయిపోతే వాటి పనీ అయిపోద్దా? వాటిల్లో ఊరే ఈస్ట్రోజెన్ అనే హార్మోను పాంక్రియాస్‌కి తోడుంటది. తిన్నదానికి తగ్గ ఇన్సులిన్ ఊరటానికి సాయపడుద్ది. అది లేకపోతే ఊరిన ఇన్సులిన్ కూడా ఒంట్లో సరిగ్గా పని చెయ్యదు, పొట్ట చుట్టూ కొవ్వు చేరుద్ది. నాకు జరిగింది నీకూ జరగాలనేం లేదు. అడక్కుండా మాత్రం సంతకం పెట్టబాకు."

డాక్టర్ని అడిగాను. అండాశయాలు బాగానే ఉన్నాయన్నారు. సంచి తీయక తప్పలేదు గానీ అవి మిగిలాయి. ఆ ప్రశ్న నాకై నాకు తోచేది కాదు. ఆవిడంటే నాకు ప్రేమ కలిగింది అప్పటి నుంచే.

సమాధి మీద అందరం మట్టి వేశాక, వత్సవాయి నుంచి వచ్చిన ఒక పత్తి కూలీ నా పక్కకు చేరి స్కానింగ్ కవరు చేతిలో పెట్టింది.

"రేపు సంచితో పాటు అన్నీ తీసేసే ఆపరేషనంటండి. అమ్మకు చూపిద్దామని వచ్చా. వచ్చేసరికి ఇట్టా అయింది."

నేను లెక్కల టీచర్ని. ఆ నల్ల ఫిల్ములో ఏముందో నాకేం తెలుస్తుంది? ఆ మాటే చెప్పాను. ఆమె కవరు వెనక్కి తీసుకోలేదు.

చేతుల మట్టి కడుక్కుని ఇద్దరం నందిగామ బస్సెక్కాం, ఇంకో డాక్టరు దగ్గరికి. సీటు ఇరుకు. కవరు నలగకుండా ఒక అంచు ఆమె, ఒక అంచు నేను పట్టుకుని కూర్చున్నాం.