చేదు లేని బిళ్ల

యుద్ధం రోజులు. బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఆడవాళ్ల వెయిటింగ్ రూములో, మలేరియాతో వణికిపోతున్న నా కొడుకుకి బజారులో కొన్న క్వినైన్ బిళ్ల వేయబోతుంటే, పక్కన కూర్చున్న ఆవిడ చప్పున నా చెయ్యి పట్టుకుంది.

"సెల్లీ, నాకి సూడకుండానే ఏసెత్తన్నావేటి?"

బిళ్ల తీసుకుని నాలుకకి ఆనించి, పారేసింది. ఇంకొకటి తీసి, అదీ పారేసింది. "సుద్ద" అంది. మూడోది నాలుకకి తగలగానే మొహం చిట్లించి, "ఇది మందు" అంటూ నా చేతిలో పెట్టింది. మూడూ ఒకే పొట్లంలోవి, ఒకేలా తెల్లగా ఉన్నాయి.

"నీకెలా తెల్సక్కా?"

"నా పిల్ల, సేదు లేదమ్మా అని నవ్వుతా మింగీసింది."

అంతలో ఆమె రైలొచ్చింది.

నా కొడుకు బతికాడు. ఇప్పుడు వాడి కూతురు మందు మింగి, "చేదు లేదు మామ్మా" అని నవ్వుతుంది. నేను నవ్వలేను.