సిస్టరమ్మ వేసుకోని మాత్ర

నేను రాయ్‌పూర్ శివారు భన్‌పురిలో లారీ ఆఫీసు ఉద్యోగం చేస్తూ వారానికి రెండుసార్లు ఊళ్లోని ఆసుపత్రికి డయాలసిస్‌కు వెళ్లేవాణ్ణి. పక్క మంచం ఒక రిటైర్డ్ నర్సుది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. అందరం ఆవిడను సిస్టరమ్మ అనేవాళ్లం.

ఎవరు టిఫిన్ డబ్బా మూత తీసినా ఆవిడ "గోలీ ఖాయా?" అని, మాత్ర వేసుకున్నారా అని హిందీలో అడిగేవారు. నాకు మాత్రం తెలుగులో వివరంగా చెప్పేవారు.

"అన్నంతోపాటే వేసుకోవాలి నాయనా. లేకపోతే ఫాస్ఫరస్ పెరిగి ఒళ్లంతా దురదలు, ఆపైన ఎముకలు గుల్ల, గుండెకూ చేటు."

ఆవిడకు భయపడి నేను ఒక్క పూటా మానలేదు.

ఒకరోజు ఆవిడ చేపల పులుసన్నం తింటూ, తన మాత్రను మళ్లీ సంచిలో పెట్టేసుకోవడం చూశాను.

"మీరు వేసుకోరేం సిస్టరమ్మా?"

ఆవిడ మోచెయ్యి గోక్కుంటూ నవ్వారు. "అది వేసుకుంటే కడుపు బండలా అయిపోతుందయ్యా. నాలుగు ముద్దలు తృప్తిగా తిననీ."

"మరి మాకు చెప్తారే?"

"నీకు పసిపిల్ల ఉంది కదా. నువ్వు వేసుకో."

డాక్టరుకు చెప్పాలా వద్దా అని వారమంతా కొట్టుమిట్టాడాను. చివరికి చెప్పలేదు.

కొన్ని నెలలకు ఆవిడ గుండె ఆగి చనిపోయారు. వార్డులో ఉండిపోయిన దుప్పటి కోసం వచ్చిన కూతురు నా దగ్గర ఆగింది.

"మమ్మీ దవాయిలు బరాబర్ వేసుకునేదా అన్నయ్యా? డ్యూటీల వల్ల మేం చూసుకోలేకపోయాం."

"ఒక్కటీ మానలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆమెను ఊరడించడానికి అలా అన్నానో, డాక్టరుకు చెప్పని నన్ను నేను కాపాడుకోవడానికో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.