మెరూన్ కోటు

మా అక్కయ్యగారు మొన్న శుక్రవారం పొద్దున కన్నుమూశారని చర్చి నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ నాకు తోబుట్టువు కాదు. షికాగోలో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే నర్సు. ఆంధ్ర నుంచి కొత్తగా దిగిన ప్రతి ఆడపిల్లకీ ఆవిడే అక్కయ్య. ఫోన్ పెట్టేశాక ముందు గుర్తొచ్చింది ఆవిడ మొహం కాదు, కోటు.

డెబ్భై ఎనిమిదిలో వచ్చాను నేను. చలికాలానికల్లా నర్సింగ్ లైసెన్సు పరీక్ష తప్పాను. ఉద్యోగం లేదు, మందపాటి కోటూ లేదు. తెనాలిలో ఉన్న అమ్మకి మాత్రం ఉద్యోగంలో చేరానని రాసేశాను. ఫోటో పంపమని జవాబొచ్చింది.

కొత్తవాళ్లకి ఊరు చూపించడం అక్కయ్యగారి ఆనవాయితీ. ఆదివారం ఆరాధన అవగానే నన్ను బస్సెక్కించారు. నూటపది అంతస్తుల టవర్ దగ్గర దిగి, తన మెరూన్ కోటు విప్పి నాకు తొడిగి, సంచిలోంచి కెమెరా తీశారు. పైకెళ్లి చూద్దామన్నాను.

"పైనుంచి తీస్తే ఊరు కనపడుద్ది గానీ నువ్వు కనపడవు. ఇక్కడే నిలబడు!"

తర్వాత మ్యూజియం ముందు కంచు సింహం పక్కన ఒక ఫోటో. చివరికి సరస్సు దగ్గరున్న పెద్ద ఫౌంటెన్. చలికాలం కదా, అందులో చుక్క నీరు లేదు.

"నీళ్లు లేవు అక్కయ్యగారూ."

"నీళ్ల సంగతి మీ అమ్మకెందుకే? పిల్ల వెచ్చగా ఉందా లేదా, అదే చూసుద్ది. స్మైల్ చెయ్యి!"

పల్చటి స్వెట్టర్‌లో ఆవిడ పళ్లు టకటకలాడుతున్నాయి. నాకేమో అవతల అమ్మకి రాసిన అబద్ధం తలలో తిరుగుతోంది. నవ్వాననే అనుకున్నాను.

రెండు నెలలకి అమ్మ ఉత్తరం వచ్చింది. తెనాలి చర్చిలో నా ఫోటో చూపిస్తే, ఇంకొకావిడ సంచిలోంచి తన కూతురి ఫోటో తీసిందట. అదే ఫౌంటెన్, అదే కోటు, ఊడిపోయిన అదే రెండో గుండీ.

"కోటు నీది కాదని తెలిసింది," అని రాసింది అమ్మ. "ఉద్యోగం మాటా అంతేనేమో. పోనీలే. అది విప్పి ఇచ్చిన తల్లి చలికి ఏం కప్పుకుందో కనుక్కో."

ఏడుస్తూ ఆ ఉత్తరం పట్టుకెళ్లాను. అక్కయ్యగారు చదివి పగలబడి నవ్వారు. "గుండీ కుట్టుకోవాల్సింది నేను! సరే, ఇంక దాచేదేం లేదుగా. పుస్తకాలు తీసుకురా."

రోజూ డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నాకు చదువు చెప్పారు. రెండోసారి పాసయ్యాను. ఆ సంగతి అమ్మకి రాసినప్పుడు ఒక్క మాట కూడా కల్పించాల్సిన పని పడలేదు. ఈ దేశంలో నేను తింటున్న ప్రతి మెతుకులోనూ ఆవిడ ఉన్నారు.

నిన్న సమాధి కార్యక్రమానికి ఎవరి ఫోటో వాళ్లం తెచ్చాం. బల్ల నిండా టవర్లు, సింహాలు, ఫౌంటెన్లు, అందరి ఒంటి మీదా అదే కోటు. ఆవిడ ఫోటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. చివరికి హాస్పిటల్ గుర్తింపు కార్డు మీదున్న బొమ్మే పెద్దది చేయించి పెట్టారు.

ఇంటికొచ్చి నా ఫోటో మళ్లీ చూసుకున్నాను. ఇన్నేళ్లూ నన్ను నేనే చూసుకున్నాను గానీ కిందికి చూడలేదు. మంచు మీద, నా కాళ్ల దాకా, మోచేతులు రెండూ పైకెత్తి, కోటు లేని సన్నటి నీడ.